మిల్లు మోత

అబ్రహాము చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఎస్తేరు గడపలో కూర్చుని ఉంది. యూనిఫాం వేసుకుంది, రెండు జడలూ వేయించుకుంది. మొహం మాత్రం పాలిపోయి ఉంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో తండ్రి లుంగీ అంచు అందుకుంది.

ఆ పిల్లకు పదేళ్ళు. కిందటేడు పెద్ద తుపాను వెళ్ళిన కొన్నాళ్ళకు, పక్కవీధి తాతాజీ పనిచేసే రైసు మిల్లులో బాయిలరు పేలింది. తాతాజీని ఇంటికి తెచ్చినప్పుడు మొహం మీద గుడ్డ తియ్యలేదు. అబ్రహాముదీ అదే బాయిలరు పని, మండపేటలోనే ఇంకో మిల్లులో. అప్పటినుంచి ఎస్తేరుకు తెల్లారితే కడుపునొప్పి. బడిలో ఊపిరాడదు, పట్టుకెళ్ళిన అన్నం డబ్బా ముట్టకుండానే తిరిగొస్తుంది. మిల్లులో ఆవిరి ఎక్కువైనప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఊరంతా వినబడేలా మోత పెడుతుంది. అది వినగానే క్లాసులోంచి లేచి మిల్లు గేటు దాకా పరిగెత్తుకొచ్చేది.

అబ్రహాము మొదట దొంగవేషాలన్నాడు. ఒకసారి కొట్టాడు కూడా. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆర్ఎంపీ డాక్టరు సూదిమందు వేశాడు. చివరికి భార్య కృపారాణి పోరు పెడితే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ పిల్లతో చాలాసేపు మాట్లాడి, నొప్పి నిజమేననీ, భయంవల్ల వస్తోందనీ చెప్పింది. ఏం కాదని కొట్టిపారెయ్యొద్దంది. పిల్లకు చెప్పకుండా పనికి జారుకోవద్దంది. భయం ఉన్నా బడికి వెళ్ళగలిగేలా పక్కన నిలబడమంది.

"నీకేం కాదుగా నాన్నా?" అంది ఎస్తేరు.

రోజూ ఏం కాదని చెప్పి వెళ్ళిపోయేవాడు. ఇవాళ పక్కన కూర్చున్నాడు.

"అలాగని ఒట్టెయ్యలేనమ్మా. నీళ్ళు తగ్గకుండా చూసుకుంటాను. ఆవిరి చూసుకుంటాను. మోతొచ్చిందంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోతందన్నమాట. భయమేస్తే లోవలక్ష్మి టీచరుగారికి చెప్పు. ఆవిడతో మాట్లాడి ఉంచాను."

చాలాసేపటికి ఎస్తేరు లుంగీ అంచు వదిలింది.

అబ్రహాము చిన్నప్పుడే తండ్రి వెనకాల ఊక గంపలు మొయ్యడానికి ఆ మిల్లుకొచ్చాడు. సెగకు అతని ముంజేతుల మీద వెంట్రుకలు లేవు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. తాతాజీని సమాధి చేసిన రోజు కూడా డ్యూటీ మానలేదు. కూతురి భయం చూశాకే తనలోనూ అలాంటిదేదో ఉందని అతనికి తెలిసింది.

మధ్యాహ్నం వాల్వు తెరుచుకుంది.

పొయ్యిలోకి ఊక వెయ్యడం ఆపేశాడు. రేకులు అదురుతున్నాయి. నీటిమట్టం చూపించే గాజు గొట్టం మీద ఒక కన్ను, గేటు మీద ఒక కన్ను వేసి నిలబడ్డాడు. ధాన్యం లారీ లోపలికొచ్చింది. హమాలీలు బీడీలు కాల్చుకుంటున్నారు. ఎస్తేరు రాలేదు. మోత ఆగిపోయాక కూడా రాలేదు. వస్తే బాధపడేవాడే, రాకపోయేసరికి ఇంకా భయమేసింది. దారిలో పడిపోయిందేమో. బాయిలరు వదిలి కదలడానికి లేదు. చేతులు ఊరికే తుడుచుకుంటూ ఉండిపోయాడు.

సాయంత్రం ఇంటికి దాదాపు పరుగున వచ్చాడు. ఎస్తేరు కుండ దగ్గర నిలబడి మంచినీళ్ళు తాగుతోంది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను. నీ దగ్గరికి పరిగెత్తాలనిపించింది. టీచరుగారు నాతోపాటు బయట మెట్లమీద కూర్చున్నారు. మోత ఆగాక లోపలికెళ్ళాం."

"భయం తగ్గిందా?"

"లేదు." గ్లాసు బోర్లించింది. "ఆ మోత రేపు కూడా వస్తుందా?"

"రావచ్చమ్మా."

ఎస్తేరు తల ఊపింది. ఇంతలో పక్కింటి బేబి వీధిలోంచి కేకేసింది, చర్చిలో పాటల ప్రాక్టీసుకట. చాలా నెలలుగా అది పిలవడమూ, ఇది వెళ్ళకపోవడమూ మామూలే. ఇవాళ ఎస్తేరు తండ్రి వంక ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అబ్రహాముకి వెనక్కి పిలవాలనిపించింది. పిలవలేదు. పిల్లలిద్దరూ వీధి చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

లోపలికొచ్చేసరికి బల్లమీద బడికి పట్టుకెళ్ళిన డబ్బా కనబడింది. మూత తీశాడు. పప్పన్నం ఎండి గట్టిపడింది. ఒక మూల మాత్రం చిన్న గుంట, దాని అంచున పిల్ల వేళ్ళు కలిపిన గుర్తులు.