మంచం దగ్గర మనిషి

డుంబ్రిగుడ సంత కిటకిటలాడుతోంది గానీ, ఆసుపత్రివాళ్లు వేసిన టెంటు కిందికి మాత్రం ఒక్క ప్రాణీ రాలేదు. 2003 మార్చి ఎండ. చింతపండు బుట్టల మధ్య, ఎండుచేపల మధ్య తిరుగుతున్న జనం టెంటు దాకా వచ్చి, నర్సు బట్టల్లో ఉన్న కృపావతిని చూసి మొహం తిప్పుకుని పోతున్నారు. ఆమె కూర్చోలేక, నిలబడలేక అవస్థ పడుతోంది. పరాయి ఊళ్లో ఎన్ని మాటలైనా పడొచ్చు, సొంత మనుషుల ముందు దొంగలా నిలబడడం ఎవరి తరం?

"ఏటి సిస్టర్, మీవోళ్లు నీ మాటింటారనే కదా నిన్ను తీసుకొచ్చినాం," అన్నాడు నరేష్. విశాఖపట్నంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రికి ఊరూరా రోగుల్ని పోగుచేసే ఉద్యోగం అతనిది. ఎప్పుడూ నవ్వు మొహమే. ఆ నవ్వును నమ్ముకుని బాగుపడ్డవాళ్లు తక్కువ.

జనం ఎందుకు రావడం లేదో ఇద్దరికీ తెలుసు. కిందటి నెల ఇలాంటి టెంటు నుంచే కృపావతికి పిన్ని వరసయ్యే కనకను తీసుకెళ్లారు. తొడ దగ్గర నుంచి గుండె దాకా సన్నటి గొట్టం పంపి చూసే క్యాథ్‌ల్యాబ్‌లో పరీక్ష చేశారు. పరీక్ష బాగానే అయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ కాలు కదపకూడదు, కదిపితే నెత్తురు ఆగదు. "కదపకు పిన్నీ" అని కృపావతి నూరుసార్లు చెప్పింది. కనక అన్నిసార్లూ సరేనంది. అంతలో ఆమెను పలకరించడానికి బావగారు ధర్మ వార్డులోకి వచ్చాడు.

పెనిమిటి అన్నగారు ఎదురుగా నిలబడితే కాళ్లు చాపుకుని పడుకునే ఆడమనిషి ఆ కొండల్లో ఉందా? కనక దిగ్గున లేచి, మంచం దిగి, గోడవారన గొంతుక్కూర్చుంది. నెత్తురు పోతోందని బావగారికి చెప్పుకోడానికి సిగ్గుపడింది. ఇంకెవరో చూసేసరికి ఆలస్యమైపోయింది. మర్నాటికి శవం కొండెక్కింది.

అప్పట్నుంచి ధర్మ ఎవరి గుమ్మమూ తొక్కడం లేదు. అతను వెళ్లబట్టే మరదలు పోయిందని ఊరంతా అంది, అంతకంటే గట్టిగా అతనే అనుకున్నాడు. ఇప్పుడు సంత చివర, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టల పక్కన ఒక్కడూ కూర్చుని ఉన్నాడు.

"ఆ పెద్దాయన కాడికెళ్లు," అన్నాడు నరేష్. "పేషెంటే మాటినకుండా లెగిసింది, ఆసుపత్రి తప్పు నేదని నలుగురూ ఇనేట్టు సెప్పు. బేగి సెప్పు. సాయంత్రానికి జీపు నిండితే ఒకటో తారీకు నుంచి నువ్వు క్యాథ్‌ల్యాబ్ నర్సువి. నేకపోతే ఏటవుతాదో నీకు తెలుసు."

ఆమెకు తెలుసు. వార్డులో మలమూత్రాలు ఎత్తుతూ ట్రైనీగా ఏళ్లు గడిపింది ఆ గది కోసమే. ఎక్స్‌రేలు తగలకుండా బరువైన సీసపు కోటు తొడుక్కుని, తెరమీద గుండె కొట్టుకోవడం చూస్తూ, డాక్టరు చెయ్యి చాచేలోగా తీగ అందించడం! ఆ పనంటే ఆమెకు ప్రాణం. కొండమీది పిల్ల ఎవరూ ఇంతవరకూ ఆ గదిలో నిలబడలేదు.

కృపావతి నడిచింది. వెనకాలే నరేషూ వచ్చాడు. జనం మూగారు. నరేష్ చెప్పమన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, కనక లేవడం నిజమే. అబద్ధమైతే ఇంత బాధే ఉండేది కాదు.

"పెద్దయ్యా, పిన్ని లెగిసింది..." అని ఆగింది. నరేష్ తలూపాడు. "లెగిసింది గాబట్టే పోయిందని నీకు సెప్పమన్నారు. నేను సెప్పను. నువ్వొత్తే లెగవదా మరి? ఆ కాలు కదలకుండా మంచం కాడ ఒక మనిషి కూకోవాల. వార్డంతటికీ ఒక్క నర్సుంది. ఆమెనీ ఆ పరీక్ష గదిలోకి పిలిసేసినారు. నీ తప్పు కాదు."

నరేష్ మొహంలో నవ్వు చచ్చింది. "ఇంక నువ్వు జీపెక్కక్కర్నేదు," అని విసురుగా వెనుదిరిగాడు.

ధర్మ తలెత్తాడు.

"ఆ నర్సెవులు?"

"నేనే."

"మరెందుకు ఒగ్గేసి ఎల్లిపోనావు?"

పిలిచారు, వెళ్లకపోతే ఉద్యోగం పోయేది. జవాబు నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు పిలుపు వినగానే తను పరిగెత్తింది. సంతోషంగా పరిగెత్తింది.

"ఆ పని నేర్సుకోడానికి," అంది.

ధర్మ లేచి వెళ్లిపోలేదు. రోడ్డుమీద జీపు స్టార్టయింది. కృపావతి అటు చూడకుండా, అతని ఎదుట మట్టిలో కూర్చుంది.