సుల్తానాబీ తోడేసిన డ్రమ్ము

ఈ మధ్య మా దుకాణానికి పాత ప్లాస్టిక్ సీసలు తెచ్చేటోళ్ల కన్నా వాటిని కరిగించే ఎంజైమ్ మందు అమ్మనీకి వచ్చేటోళ్లే ఎక్కువైండ్రు. వనపర్తి నుంచి పెబ్బేరు పోయే తొవ్వల రేకుల షెడ్డు మాది. నేను హైదర్‌ను. కాంటా కాడ కూసొని మాట్లాడుడు నా పని. లోపల నేల మీద కూసొని సీసలు ఏరుడు నా భార్య సుల్తానాబీ పని. తెల్లవి ఒక దిక్కు, పచ్చవి ఒక దిక్కు, మూతలు వేరే, అంటించిన కాయిదాలు వేరే. ఏరి ఏరి ఆమె మోకాళ్లు పోయినయ్. లేవాల్నంటే గోడ పట్టుకోవాలె. గోడ గూడ పాతదే. ఇద్దరిట్ల ఎవరు ముందు పడ్తరో అని నేను చూస్తుంట.

గట్ల ఉన్నప్పుడు గద్వాల నుంచి నిరంజన్ వచ్చిండు, బండి ఎనక ఐసు పెట్టె కట్టుకొని. పెట్టెల చిన్న డబ్బా.

"చిచ్చా, సీసలు ముక్కలు చేసి బాగా వేడినీళ్లల్ల పొయ్యి. ఇది కలుపు. రంగుదైనా తెల్లదైనా కరిగిపోతది. ఆ నీళ్ల నుంచి మల్ల కొత్త సీస చేస్తరు. హైదరాబాద్ కంపెనీ కొనుక్కుంటది."

"ఇందుల కొత్త ఏముంది?" అన్న. "మా నాయినకు ఒక మేక ఉండె. అది పాల కవర్లు తిని తిని, ఆఖరికి పాలు పాకెట్లల్లనే ఇచ్చింది. పిండుడు లేదు, కత్తెరతోని కోసుకునుడే."

నిరంజన్ నవ్వలేదు. పొద్దుగాల నుంచి ఎన్ని ఊర్లు తిరిగిండో, నవ్వే ఓపిక గూడ లేకుండె.

లోపలి నుంచి సుల్తానాబీ అడిగింది. "ఏరే పని ఉండదంటున్నడా?"

"ఉండదు చాచీ."

"అయితే తీస్కో," అన్నది నాతోని. ఆమె దుకాణం సంగతుల మాట చెప్పుడు నేను వినుడు గదే మొదలు.

మొదటి డ్రమ్ము మంచిగ కరిగింది. కంపెనీ నుంచి సుప్రియ అనే మేడం ఫోన్ చేసి, శుక్రవారం వచ్చి నడుస్తున్న డ్రమ్ము చూస్త, నచ్చితే మీతోనే ఒప్పందం అన్నది. లేకుంటే ఇటిక్యాలల ఇంకో షెడ్డు ఉన్నదంట. కానీ మా డబ్బా ఖాళీ. నిరంజన్‌కు ఫోన్ చేస్తే, "దేశమంతా గిదే అడుగుతుండ్రు చిచ్చా. పెద్ద పెద్ద కంపెనీలే లైన్ల నిలబడ్డయ్. మన వంతు ఎప్పుడో నాకే తెల్వదు," అన్నడు.

నేను పరేషానైన. సుల్తానాబీ కాలేదు.

మా గల్లీల పెరుగు తోడు కావాల్నంటే అందరు సుల్తానాబీ కాడికే గిన్నె పట్టుకొని వస్తరు. గా చెయ్యి ఊకుంటదా? మొదటి డ్రమ్ములకెల్లి ఒక చెంబెడు నీళ్లు తీసి పక్కన పెట్టింది. రెండో డ్రమ్ముల అవి పోసి, మూత పెట్టి, దుప్పటి కప్పింది.

"ముట్టకు. కదిలిస్తే తోడుకోదు," అన్నది.

నాకు గూడ సబబే అనిపిచ్చింది. ఊర్ల పాలన్ని పెరుగైతున్నయ్ కదా, ఎవరన్నా డబ్బా కొంటుండ్రా? రెండో డ్రమ్ము సగం కరిగింది. తోడు జర తక్కువైందని, ఈసారి రెండు చెంబులు తీసి మూడో డ్రమ్ముల పోసింది. దుప్పటి గూడ ఇంకొకటి కప్పింది.

శుక్రవారం సుప్రియ వచ్చింది. దుప్పట్లు చూసి ఏందిది అన్నట్టు నా మొఖం చూసింది. మూడో డ్రమ్ము మూత తీసి కట్టెతోని కలిపింది. ముక్కలు కడిగిన బియ్యం లెక్క గిర్రున తిరిగి, మల్ల అడుక్కు కూసున్నయ్. ఒక్కటి కరగలేదు.

"మందు ఎప్పుడు ఏసిండ్రమ్మా?"

సుల్తానాబీ చెంబు సంగతంత చెప్పింది. దాచిపెట్టుడేమీ లేదు, దుప్పటి ఎందుకు రెండు కప్పిందో గూడ చెప్పింది. సుప్రియ మొత్తం విన్నది, నడుమ అడ్డం రాలేదు.

"అమ్మా, పెరుగుల జీవం ఉంటది. పాలు తిని పెరుగుతది. ఇది జీవం కాదు. ఎంత ఏస్తే అంతే ఉంటది, పెరగది. పని చేసిన కొద్ది నీరసపడ్తది."

"నా లెక్కనే అన్నట్టు," అన్నది సుల్తానాబీ.

సుప్రియ కట్టె పక్కన పెట్టి డ్రమ్ముకు మూత పెట్టింది. "మందు మాకే సరిపోను దొరుకుతలేదు. అది దొరికేదాంక తెల్ల సీసలు ఏరి, కడిగి ఇయ్యున్రి. మా లిస్టులకెల్లి మీ పేరు తీసెయ్యకుండ చూస్త," అన్నది.

"ఎన్ని రోజులు బిడ్డా?"

"తెల్వదమ్మా."

నేనైతే వచ్చే వారమే అనేటోన్ని. ఆ పిల్ల అనలేదు.

కారు పోయినంక సుల్తానాబీ గోడ పట్టుకొని కిందికి వంగుతుంటే, చెయ్యి పట్టి ఆపిన. "నువ్వు పోయి కాంటా కాడ కూసో. నేను ఏరుత."

"నీకు పచ్చదేదో తెల్లదేదో కనబడ్తదా?"

"కనబడకుంటే అడుగుత."

"కాంటా కాడ నేనేం మాట్లాడాలె?"

"ఏం మాట్లాడకు. గిరాకి సంతోషపడ్తది."

ఆమె నవ్వలేదు గని పోయి కుర్చీల కూసున్నది. కాళ్లు చాపుకున్నది. జర సేపటికి, రోజూ సీసలు అమ్మే మాసయ్య సంచి తెచ్చిండు. ఎప్పుడైనా నా మేక ముచ్చట వింటే గని పోడు. ఇయ్యాల తూకం, పైసలు, అంతే. వచ్చినంత జల్ది పోయిండు.

నేను కుప్ప ముందర కూసున్న. ఒక సీస మూత తీసేసరికే నడుము పట్టింది. మూత ఒక దిక్కు ఏసిన, కాయిదం చింపిన, సీస ఇసిరిన.

"పచ్చదాన్ని తెల్లవాట్ల ఏసినవ్," అన్నది సుల్తానాబీ, ఇటు తిరగకుండనే.

తీసి అవతల ఏసిన.