బోర్డు మీద బొట్టు

భవాని పేట్‌లో ఎవరింట్లో కొత్త మరమగ్గం దిగినా మొదటి బొట్టు నర్సమ్మే పెట్టాలి. ఆమె చేయి మంచిదని పేరు. జీవితమంతా బీడీలు చుట్టిన ఆ చేతికి అంతకు మించిన ఆస్తి లేదు. ఆ పేరు కాస్తా పోయింది, కోడలు అనూష నోరు విప్పకపోవడం వల్ల.

అనూష మగ్గాల ఎలక్ట్రానిక్ కార్డులు ఇంట్లోనే బాగు చేస్తుంది. హోట్గి రోడ్డులో ఉండే శ్రీకాంత్ ఒక పాత వీడియో గేమ్ బోర్డు తెచ్చాడు. ఒకప్పుడు వాళ్ళ నాన్న నడిపిన గేమ్ పార్లర్‌లోది.

"దుమ్ము తీసి నడిపియ్యక్కా, సాలు. బాపు వస్తువు" అన్నాడు.

దుమ్ము తీయడమంటే మగ్గం మీద గాలి కొట్టినట్టు కాదు. అనూష కిటికీలన్నీ తెరిచింది. బోర్డులు కడిగే ఆల్కహాలు ఇట్టే అంటుకుంటుందని అత్తగారి చేత అగరుబత్తి ఆర్పించింది. కారిపోయిన బ్యాటరీని ఊడదీసి, దాని చుట్టూ పచ్చగా పట్టిన చిలుమును వెనిగర్ చుక్కతో తుడిచింది. చిప్పుల మీది స్టిక్కర్లు లేస్తే వెలుగు తగిలి లోపలి ఆటే చెరిగిపోతుందని వాటి జోలికి పోలేదు. చంటిబిడ్డ చెవులు తుడిచినట్టు మెత్తటి బ్రష్షుతో సందు సందూ తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి పడుకుంది.

మర్నాడు ఖండేనవమి. పనిముట్లకు పూజ చేసే రోజు. నర్సమ్మ పొద్దున్నే స్నానం చేసి బీడీల చాటకు, కత్తెరకు, కోడలి స్క్రూడ్రైవర్లకు వరుసగా బొట్లు పెట్టుకుంటూ వెళ్ళి, బోర్డు నట్టనడుమ కూడా తడి పసుపూ కుంకుమా అద్దింది. ఆమె లెక్కలో అదీ అన్నం పెట్టేదే కదా మరి!

చూసి అనూషకు ఒళ్ళు మండింది.

"ఇదేంది అత్తమ్మా! దీనికి తడి తగలొద్దని చెప్పిన కదా!"

మళ్ళీ ఆల్కహాలు, మళ్ళీ బ్రష్షు. కుంకుమ రవ్వ మిగలకుండా పోయింది. బోర్డు బాగా ఆరింది కూడా. కోపమే తగ్గలేదు. ఆ విసురులో కరెంటిచ్చే ప్లగ్గును తిరగేసి గుచ్చి స్విచ్చు వేసింది. టప్పుమంటూ పొగ లేచింది. తను చేసిన తప్పేమిటో ప్లగ్గు చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

నర్సమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నా కుంకుమతోనేనా బిడ్డా?"

కాదు అంటే సరిపోయేది. అనూష తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. శ్రీకాంత్ వచ్చినప్పుడు నర్సమ్మే ఎదురెళ్ళి, "నేనే పాడు జేసిన కొడుకా, మీ బాపు వస్తువు" అని ఆ పిల్లవాడికి చేతులు జోడించింది. అది కళ్ళారా చూసి కూడా అనూష ఊరుకుంది.

శ్రీకాంత్ మంచివాడే, పల్లెత్తు మాట అనలేదు. కానీ చాయ్ హోటల్లో నవ్వుతూ చెప్పాడు. ఇంకేం, పేటంతా పాకింది. "నర్సమ్మా, మా బడికి జర బొట్టు పెట్టరాదూ, రేపు పరీక్షున్నది" అని పిల్లలు కూడా మొదలుపెట్టారు. నర్సమ్మ వాళ్ళతో పాటే నవ్వేది. ఆ నవ్వు చూస్తే అనూషకు ముద్ద దిగేది కాదు. చెప్పేద్దామని రోజూ అనుకునేది. ఆలస్యం అమృతం విషం అన్నారు ఊరికేనా?

ఒకనాడు పక్క వీధి చంద్రభాగ, ఆ మాటలేవీ పట్టించుకోకుండా, కొత్త మగ్గానికి పిలవడానికి వచ్చింది. "నర్సక్కా, కొత్త సాంచ దిగింది. వచ్చి బొట్టు పెట్టు."

"నా చేయి నక్కో, వద్దు చంద్రభాగా. లక్షల సామాను. నుక్సాన్ అయితే?"

అది విని అనూష చేతిలో పని పడేసి వచ్చింది.

"అత్తమ్మ తప్పేం లేదు. కుంకుమ నేను సాఫ్ చేసేసిన. ప్లగ్గు నేనే ఉల్టా పెట్టిన. భయపడి చెప్పలే."

నర్సమ్మ కోడలి మొహంలోకి చూసింది. కళ్ళు చెమర్చాయి.

"చూసినవా, నా తప్పు నెత్తినేసుకుంటున్నది. గిన్నేండ్ల సంది గిదే పని జేసేదానికి ప్లగ్గు తెలవదా?"

"నిజం అత్తమ్మా, నీ మీద ఒట్టు!"

"ఒట్లెందుకే పిచ్చిదానా!"

చూపిద్దామంటే ఆ బోర్డు ఎప్పుడో పాత సామాన్ల బండికి పోయింది. చంద్రభాగ ముక్కున వేలేసుకుని, "గిసొంటి కోడలు దొరకాలె" అంది.

"దీన్నే తోల్కపో. నాకన్న దీని చేయి మంచిది" అంది నర్సమ్మ. వద్దు మొర్రో అన్నా ఇద్దరూ వినలేదు.

కుంకుమ పళ్ళెం అనూష చేతికొచ్చింది. చంద్రభాగ వాళ్ళ మగ్గం షెడ్డు దగ్గర నర్సమ్మ గడప దాటలేదు, బయటే నిలబడింది. అనూష అందరి ముందూ మళ్ళీ చెప్పబోయింది. "ముహూర్తం పోతది బిడ్డా, పెట్టు" అని అత్తే తొందర చేసింది. పెట్టింది. మోటారు వేశారు. నర్సమ్మ బయటి నుంచే మెడ చాచి మగ్గాన్ని చూస్తూ దండం పెట్టుకుంది.

ఒక్క పోగు తెగలేదు. దేవుడా, ఒక్కటైనా తెగనీ అని అనూష ఏడుస్తూ నిలబడింది.