ఇరవై నాలుగు కుళాయిలు

వాల్వు గుంత మీది రేకు మూతను పక్కకు జరిపి, ఆమె మోకాళ్ల మీద వంగి ఇనప కడ్డీని లోపలికి దించింది. కడ్డీ కొన గాడిలో పడిందో లేదో కళ్లతో చూడక్కర్లేదు, మణికట్టుకే తెలుస్తుంది. పదకొండు చుట్లు తిప్పాలి. ఎనిమిదో చుట్టు దగ్గర రోజూ మొరాయిస్తుంది. అక్కడ ఊపిరి బిగబట్టి ఒంటి బరువంతా కడ్డీ మీద వేసింది. నేల అడుగున ఎవరో గొంతు సవరించుకున్నట్టు గరగరమని, ఆరు బ్లాకుల మీది ట్యాంకులకూ నీళ్లు ఎక్కడం మొదలైంది.

పొద్దున్న నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. అంతకుముందు ఇది ఆమె భర్త పని. కిడ్నీలు పాడై నలభై నాలుగేళ్లకే ఆయన పోతే, మూడోరోజు నీళ్ల ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. పరామర్శకొచ్చారనుకుని ఆమె కుర్చీలు వేసింది. రేపటి నుంచి నీళ్లు ఎవరు వదులుతారని అడగడానికి వచ్చారు వాళ్లు. పోతూ పోతూ కడ్డీని ఆమె చేతిలో పెట్టి పోయారు.

ఆ రోజు గురువారం. వాల్వు కట్టేసి వచ్చేసరికి మెట్ల దగ్గర యూనివర్సిటీ అమ్మాయి సీసాల పెట్టెతో నిలబడి ఉంది.

"కాళ్లు అంత వాచాయేంటక్కా?"

"నిలబడి నిలబడి. పద, దర్జీ బయటికెళ్లిపోతే మళ్లీ దొరకడు."

నాలుగేళ్ల కిందట ఈ అమ్మాయీ, వాళ్ల ప్రొఫెసరమ్మా ఇదే మెట్ల మీద కూర్చుని, ఇక్కడ మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నదేమిటని అందరినీ అడిగారు. ఎలుకలన్నారు కొందరు. మెట్ల మీద దీపాలు లేవన్నారు కొందరు. "ఇలా వచ్చి అడిగి పోయేవాళ్లు" అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"నీళ్లు" అంది. "మా ఆయనతో కలిపి ఈ బ్లాకుల్లో కిడ్నీలు పోయి చచ్చినవాళ్లు పదిహేడు మంది. రెండు చేతుల వేళ్లూ చాల్లేదు లెక్కకి."

ప్రొఫెసరమ్మ తలెత్తి చూసి, ఆ మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుంది. తన నోటి మాట కాగితం ఎక్కడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్లు ఆమెను 'సహ పరిశోధకురాలు' అన్నారు. నోరు తిరగడానికి వారం పట్టింది. బ్లాకుల్లో వాళ్లు అంత కష్టపడలేదు, సీసాలక్క అనేశారు.

వారం వారం ఇరవై నాలుగు కుళాయిల నీళ్లు పరీక్షకు సీసాల్లో పట్టాలి. మొదట్లో తలుపులు తెరుచుకోలేదు. అద్దె పెంచడానికొచ్చారనుకున్నారు, కరెంటు మీటర్లకొచ్చారనుకున్నారు. ఆమే గడప గడపకూ తిరిగింది. "నా ముఖం చూసి తియ్యండి. లెక్క తేలితే పైపులు మారుస్తారు" అంది. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి అడిగేసరికి కాదనలేకపోయారు.

ఇన్నేళ్లలో ఒక్క గురువారం తప్పలేదు. ఏ ఇంటి కుళాయి తుప్పు కక్కుతుందో, ఏ ఇంట్లో ఎవరి ముఖం ఉబ్బిందో ఆమెకు కంఠతా వచ్చు. తన కాళ్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి వెళ్తే పూట పోతుంది, పూట పోతే నీళ్లెవరు వదులుతారు? చిట్టీలు తీసి, వాటిలో వచ్చిన ఇళ్లనే పరీక్షకు తీసుకోవడంతో, ఆ ఇరవై నాలుగింట్లో ఆమె ఇల్లు లేదు.

దర్జీ తలుపు తీసి, కుళాయి తానే తిప్పాడు.

"ఇవాళేగా రిపోర్టు మీటింగు? ఏదో ఒకటి తేలుస్తారంటావా?"

"తేలుస్తారు. పెద్దాఫీసరు కూడా వస్తున్నాడు."

"వస్తే మంచిదే. నా చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నా మా ఆవిణ్ణి."

మధ్యాహ్నం రెండింటికి హాలు నిండిపోయింది. గోడకు చేరి కొందరు నిలబడ్డారు. ప్రొఫెసరమ్మ తేలిక మాటల్లో చెప్పింది. ఇరవై నాలుగింటిలో ఇరవై ఒక్క కుళాయిల్లో సీసం ఉంది. తాగకూడనంత ఉంది. పైపులు మార్చాల్సిందే. రిపోర్టు మొదటి పేజీలో సీసాలక్క ఫోటో వేశారు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొడితే ఆమె సిగ్గుతో తల వంచుకుంది.

తర్వాత పెద్దాఫీసరు లేచాడు. ఈ బ్లాకుల ఇళ్లన్నీ ఆయన ఆఫీసు కిందివే. నెమ్మదైన మనిషి. రిపోర్టంతా చదివి, గీతలు కూడా గీసుకొచ్చాడు.

"ఈ శ్రమకు మీ అందరికీ కృతజ్ఞతలు. దీన్నిబట్టి ఈ బ్లాకులు మనుషులు ఉండడానికి పనికిరావని తేలిపోయింది. మూడు నెలల్లో ఖాళీ చేయాలి. చివరి బస్సు స్టాపు దాటాక గదులు చూపిస్తాం."

ప్రొఫెసరమ్మ రిపోర్టు తెరిచి ఆయన ముందు పెట్టింది. "మేం అడిగింది పైపులు మార్చమని. పదకొండో పేజీ చూడండి."

"చూశానండి. పైపులు మార్చడం కన్నా ఇది తొందరగా అవుతుంది."

కేకలు లేవలేదు. ఒక్కొక్క తలే సీసాలక్క వైపు తిరిగింది. ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్న దర్జీ లేచి నిలబడ్డాడు.

"తలుపు తియ్యమన్నది నువ్వేగా అక్కా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.



జనం వెళ్లిపోయాక ప్రొఫెసరమ్మ ఆమె చేతులు పట్టుకుని, ఇలా జరుగుతుందని కలలో కూడా అనుకోలేదంది. పెద్ద చదువు చదివిన మనిషి అలా కుంగిపోవడం చూడలేక, "మీరేం చేస్తారమ్మా, ఉన్నదే రాశారు" అంది సీసాలక్క. అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"వచ్చే గురువారం వస్తావా?"

"ప్రాజెక్టు అయిపోయిందక్కా. నాకు వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చింది. ఎలా చెప్పాలో తెలీక..."

"అయితే సీసాలు కడిగి ఉంచక్కర్లేదన్నమాట. సరే, జాగ్రత్తగా వెళ్లు."

సాయంత్రం అయిదింటికి వాల్వు తిప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. మళ్లీ కట్టేయడానికి నలభై నిమిషాలుంది కదా, కాసేపు నడుం వాలుద్దామని మెట్లెక్కింది. అంతస్తు అంతస్తుకూ గోడ పట్టుకుని నిలబడింది. రోజూ అయితే ఆమె అడుగుల చప్పుడుకే తలుపులు తెరుచుకునేవి, ఎవరో ఒకరు కాస్త కూర్చోమనేవాళ్లు. ఈ పూట ఎవరూ తొంగిచూడలేదు. దర్జీ ఇంటి ముందు ఆగితే లోపల మిషను చప్పుడు ఆగింది. ఆమె కదిలాక మళ్లీ మొదలైంది.

గదిలోకి వచ్చి, గోడకు చేరగిలబడి కూర్చుంది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. గడియారం వైపు చూసింది. ఇంకా పాతిక నిమిషాలుంది. ఖాళీ చేసే రోజు ఆఖరిసారి వాల్వు కట్టాల్సింది కూడా తనే కదా అనుకుంది. పది నిమిషాలు కళ్లు మూసుకుంటే చాలనుకుంది.

ఆ సాయంత్రం నీళ్లు ఆగలేదు. ముందు అందరూ సంబరంగా ఉన్న గిన్నెలూ డబ్బాలూ నింపుకున్నారు. తర్వాత పైన ట్యాంకులు పొర్లి మెట్ల మీదుగా నీళ్లు జారడం మొదలైంది. అలిగి వాల్వు కట్టడం మానేసిందని ఎవరో అన్నారు. దర్జీ మిషను ఆపి గడియారం చూశాడు. పంతొమ్మిదేళ్లలో నలభై నిమిషాలు ఎప్పుడూ నలభై ఒకటి కాలేదు. చెప్పులు వేసుకోకుండానే పైకి పరిగెత్తాడు.

తలుపు గడియ వేసి లేదు. "అక్కా" అని రెండుసార్లు పిలిచాడు. దగ్గరికెళ్లి చల్లబడ్డ చెయ్యి పట్టుకుని, పక్కనే కూలబడి, చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

కింద వాల్వు గుంత దగ్గర ముగ్గురు మగవాళ్లు కడ్డీ పట్టుకుని, ఎటు తిప్పాలో తెలియక వాదించుకున్నారు. నీళ్లు ఆగేసరికి చీకటి పడింది.

దర్జీ భార్య వచ్చి గది సర్దింది. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. తలుపు మూల బకెట్లో, సబ్బు నీళ్లలో నానేసిన దుప్పటి, నురుగంతా విరిగిపోయి, ఉతికేవాళ్ల కోసం అలాగే ఉంది.