తిరిగొచ్చిన హెచ్చరిక

లాండ్రీ యజమాని నోరు తెరవకముందే ఇనపరాడ్డు తిప్పాడు. మొదటి దెబ్బకు బల్ల మీదున్న ప్రెజర్ గేజీ అద్దం ముక్కలై ఎగిరింది. రెండో దెబ్బ ఆ వర్క్‌షాపు నడిపే అన్నాచెల్లెళ్ళలో అన్న కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వర్క్‌షాపు మూల గాజుగదిలో కూర్చున్న చెల్లెలిదాకా వినిపించింది.

“నా తమ్ముడి కళ్ళు పోయాయిరా! రెండు కళ్ళూ!” అని అరిచాడతను. “నిన్న బాయిలర్ పేలేదాకా ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. మేం చూసుకుంటాం, మీరు హాయిగా నిద్రపోండి అన్నావే, ఏం చూశావురా?”

బాయిలర్లకు కాపలా కాయడమే ఆ అన్నాచెల్లెళ్ళ వ్యాపారం. లాండ్రీ కానివ్వండి, అద్దకం షెడ్డు కానివ్వండి, ఆవిరి ఉన్న ప్రతిచోటా వాళ్ళు బిగించిన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ప్రెజర్ హద్దు దాటితే ఆ పెట్టె వర్క్‌షాపు వెనకగదిలోని పాత కంప్యూటరుకు చెబుతుంది. అది సంస్థ పేరుమీద అక్కడ బాయిలర్ చూసుకునేవాళ్ళకు వెంటనే మెయిలు కొడుతుంది. ఫోన్ చేసి చెప్పడమన్నది వాళ్ళ ఇంటావంటా లేదు. నోటిమాట నీటిమూట, రాసి పంపితే రేపు ఎవడూ కాదనలేడని తండ్రి పెట్టిన పద్ధతి అది. ఆయన పోయాడు గానీ పద్ధతి పోలేదు.

అన్న మాత్రం తక్కువ తిన్నాడా? విరిగిన చెయ్యి వేలాడుతూనే ఉంది, ఎడమచేత్తో పైపు రెంచి అందుకుని అతని దవడ మీద ఒక్కటిచ్చాడు. “పంపాంరా! నీ తమ్ముడే చూసుకోలేదు! పంపిన సాక్ష్యం ఉంది మా దగ్గర!” లాండ్రీ యజమాని నెత్తురుతో పాటు పన్నొకటి ఉమ్మేసి మళ్ళీ మీద పడ్డాడు.

ఆ సాక్ష్యం కోసమే చెల్లెలు హెచ్చరికల మెయిల్‌బాక్సు తెరిచింది. లాండ్రీకి వెళ్ళిన హెచ్చరిక కనబడింది. దాని పైనే, పోయిన దారినే తిరిగొచ్చిన జవాబూ కనబడింది. పంపినవారి గుర్తింపు సరిపోలేదు, మెయిలు తిప్పికొట్టాం. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

కిందటి నెల ఎవడో వీళ్ళ పేరుతో దొంగమెయిళ్ళు పంపాడు. ఆ దెబ్బకు అసలు మెయిళ్ళు కూడా కస్టమర్ల స్పామ్ ఫోల్డర్లలో పడడం మొదలైంది. చెల్లెలు పట్టుబట్టి కూర్చుని దొంగమెయిళ్ళను ఆపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టింది. మొదటిది, సంస్థ పేరుమీద మెయిలు పంపే హక్కు ఏ కంప్యూటర్లకుందో చెప్పే జాబితా. రెండోది, ప్రతి మెయిలు మీదా పడే ముద్ర. మూడోది, ఆ రెండు పరీక్షలూ తప్పినవాటిని ఏం చేయాలో అవతలివాళ్ళకిచ్చే ఆజ్ఞ. ముందు కొన్నాళ్ళు ఊరికే గమనించండి, మీవన్నీ జాబితాలో చేరాయని తేలాకే గట్టి ఆజ్ఞ ఇవ్వండి అని, అవి ఎలా పెట్టాలో చెప్పిన పేజీలో రాసే ఉంది.

గమనించడమట! కోపం ముక్కు మీదుండే వంశం అది. “మన పేరు పెట్టుకు తిరిగేవాణ్ణి చూస్తూ కూర్చోవాలా? గుమ్మంలోనే తన్ని తగలెయ్” అన్నాడు అన్న. ఆమెకూ అదే నచ్చింది. మొదటిరోజే తిప్పికొట్టమని ఆజ్ఞ పెట్టేసింది. తన బల్ల మీది కంప్యూటరు నుంచి పంపిన మెయిలు చక్కగా ఇన్‌బాక్సులో పడేసరికి ఇద్దరూ ఈలలు కూడా వేశారు. వెనకగదిలోని పాత కంప్యూటరును జాబితాలో చేర్చాలని ఒక్కరికీ తట్టలేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే మరి.

కంప్యూటరులో ఆ మెయిలు కిటికీ మూసేస్తే ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే ఆమె వేలు మూసేయడానికి కదిలింది కూడా. అంతలోనే ఇంకొకటి తిరిగొచ్చింది. అద్దకం షెడ్డు, ప్రెజర్ హద్దు దాటింది. మెయిలు తిప్పికొట్టాం.

ఆమె ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తింది. లాండ్రీ యజమాని అన్న గుండెల మీద కూర్చుని రాడ్డు గొంతుకు అడ్డంగా పెట్టి అదుముతున్నాడు. అన్న మొహం నల్లబడింది, కాళ్ళు నేలను తంతున్నాయి.

“వదలండి! ఇంకో బాయిలర్ పేలిపోతోంది!”

ఎవరు వింటారు? నేలమీది రెంచి తీసి ఆమె అతని వీపు మీద బలమంతా పెట్టి కొట్టింది. అతను పక్కకు దొర్లాడు. ఊపిరందిన అన్న లేచి, పడినవాడి డొక్కలో తన్నబోయాడు. అన్న అని కూడా చూడకుండా ఆ మోకాలి మీదా ఒకటి వేసింది.

“చస్తే తర్వాత చద్దురుగాని! మెయిలు పంపాం అన్నయ్యా, కానీ చేరలేదు. నేను పెట్టిన ఆజ్ఞే దాన్ని తిప్పికొట్టింది. ఆయన తమ్ముడికి ఏం చేరలేదు. తప్పు నాది!”

ఆమె అప్పటికే షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. వాళ్ళ సంస్థ చరిత్రలో అదే మొదటి ఫోను.

“మంట ఆర్పేయండి! జనాన్ని బయటికి తోలండి! ఇప్పుడే!”

ఫోనులో కేకలు, పరుగులు వినిపించాయి. పళ్ళేలూ బిందెలూ కిందపడ్డ మోత వచ్చింది. తర్వాత ఒక్కసారిగా పెద్ద పేలుడు. ఆ మోత అణిగాక మేస్త్రీ దగ్గుతూ మాట్లాడాడు. “రేకులు లేచిపోయాయమ్మా. మేమందరం బయటే ఉన్నాం. అందరం.”

అన్న గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

లాండ్రీ యజమాని మెల్లగా లేచాడు. “ఒక్క ఫోను” అన్నాడు. “ఇంతేనా? ఇదే మావాడికి చేసుంటే?”

“మా పద్ధతి…” అని మొదలుపెట్టి అన్న ఆపేశాడు.

అతను రాడ్డు తీసుకుని చెల్లెలి ముందుకొచ్చాడు. ఆమె పారిపోలేదు. కొడితే పడాల్సిందేననుకుని కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. రాడ్డు నేలమీద పడిన చప్పుడయింది.

“వాడికి పంపింది ఉందా అందులో?”

“ఉంది.”

“ఏముంది?”

“ప్రెజర్ హద్దు దాటింది, మంట ఆర్పి దూరంగా వెళ్ళండి అని.”

ఆమె మణికట్టును ఎముకలు కలిసిపోయేలా పట్టుకుని అతను గుమ్మం వైపు లాగాడు.

“నడు ఆస్పత్రికి. వాడింక చదవలేడు. నీ నోటితోనే చెబుదువుగాని.”