సదయ్యకు వచ్చిన ఒళ్ళు

ఎనభై ఏడో నంబరు దీపాన్ని కిటికీలోంచి అందించి, ఇత్తడి బిళ్ళను కొక్కేనికి తగిలిస్తూ సదయ్య ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మొదటి షిఫ్టువాళ్ళు ఇంకా ముప్పై మంది దాకా వరుసలో ఉన్నారు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. చెయ్యి చాచడం, తిరగడం, వంగడం. ఆ మాత్రానికే చొక్కా వీపుకు అంటుకుపోతుంది.

రెండేళ్ళ కింద అతను అరవై కిలోలు. ఇప్పుడు తొంభై రెండు. మెడ వెనక రెండు మడతలు పడ్డాయి. వేలి ఉంగరాన్ని కంసాలి కత్తిరించి తీశాడు. బూట్ల లేసులు పొద్దున్నే భార్య అనసూర్య గుమ్మంలో కూర్చుని కడుతుంది. తిని వచ్చిన ఒళ్ళు కాదది. రాత్రి మాత్ర మింగిన గంటకు కడుపులో ఆకలి లేస్తుంది. కంచం నిండా తిన్నా అది అణగదు. తినకుండా పడుకున్నా ఒళ్ళు ఆగలేదు. ఆ మందు గుణమే అంతని మంచిర్యాల డాక్టరు మొదటిరోజే చెప్పాడు.

అంతకు ముందు ఇరవై రెండేళ్ళు సదయ్య బొగ్గు గని లోపలే పనిచేశాడు. పైకప్పును రాడ్డుతో కొట్టి చప్పుడు వినడంలో అతనికి పేరుంది. గట్టి బండ కంగుమంటుంది, వదులు బండ డొల్లగా పలుకుతుంది. ఒకరోజు అతనికి ప్రతి బండా డొల్లగానే వినపడింది. తన మీద కూలాలని ఎవరో రాత్రి షిఫ్టులో కప్పు కింద ఆసరాగా నిలిపిన దుంగలు వదులు చేసి పోతున్నారని నమ్మాడు. దారికి అడ్డంగా నిలబడి ఒక్కరినీ లోపలికి పోనివ్వలేదు. తర్వాత దవాఖాన, మాత్రలు, పైన ఈ దీపాల గదిలో డ్యూటీ. మాత్రలతో అతని అనుమానం తగ్గింది, ఒళ్ళు పెరిగింది. ఒళ్ళు పెరిగిన కొద్దీ అనుమానం మిగతావాళ్ళకు పట్టుకుంది.

"పిచ్చి వట్టినోడు ఎండుకపోతడు సదన్నా," అన్నాడు వర్క్‌షాపు ఫిట్టరు బుచ్చన్న, కిటికీకి ఆనుకుని. "నువ్వేంది, దినాం పెండ్లికి పోయొచ్చినట్టున్నవ్."

వరుసంతా నవ్వింది. సదయ్య కూడా నవ్వినట్టు పెదాలు కదిపాడు. ఆ మాట వెనక ఏముందో అతనికి తెలుసు, లేదా తెలుసనుకుంటున్నాడు. కంపెనీ మెడికల్ బోర్డు పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే కొలువు పిల్లల్లో ఒకరికి వస్తుంది. తన కూతురు సంతోషి డిగ్రీ పాసై ఇంట్లో ఉంది. పిచ్చి లేకున్నా ఉన్నట్టు నటిస్తున్నాడనీ, నిజంగా ఉంటే ఈ కండ ఎక్కడిదనీ గని అంతా అనుకుంటోంది. సదయ్య ఇంతవరకు బోర్డుకు ఒక్క కాగితం పెట్టలేదు.

తొమ్మిదింటికి డబ్బా తెరిచి అనసూర్య కట్టిచ్చిన రెండు జొన్నరొట్టెలు తింటుండగా, వర్క్‌షాపు తలుపు దగ్గర బుచ్చన్న ఫోను పైకెత్తి ఇటు పట్టుకున్నట్టు కనపడింది. సదయ్య తల తిప్పాడు. ఫోను చెవికి పోయింది. పక్కనున్న ఇద్దరు మాట ఆపేశారు.

అతను చేతిలోని రొట్టెను డబ్బాలో పెట్టి మూత వేశాడు. అందరూ నన్నే చూస్తున్నారనుకోవడమే కదా ఆ జబ్బు. ఇది జబ్బా, నిజమా?

ఇట్లాంటప్పుడు నమ్మిన మనిషిని ఒక్కరిని అడగమని డాక్టరు చెప్పాడు. సదయ్యకు ఆ మనిషి బొగ్గు తొట్లను పైకి లాగే హాలేజీ ఇంజను నడిపే జలాలుద్దీన్. ఇద్దరూ ఒకేరోజు కొలువులో చేరారు. రెండేళ్ళుగా సదయ్య అడుగుతున్నాడు, జలాలుద్దీన్ "అట్లాంటిదేం లేదు" అంటున్నాడు. ఆ మాట మీద రాత్రి నిద్రపోతున్నాడు.

ఇవాళ సదయ్య ఒకటి అనుకున్నాడు. ఇప్పుడూ లేదంటే, ఇన్ని మాత్రలు మింగినా జబ్బు పోలేదన్నట్టే. పోని జబ్బుకు ఈ ఒళ్ళెందుకు మొయ్యాలి? జేబులోని మాత్రల అట్టలను ఇంటికి పోయేటప్పుడు మోరీలో పారేస్తాడు.

షిఫ్టు దిగాక జలాలుద్దీన్ వచ్చి, డ్యూటీ టోపీ తీసి పక్కన పెట్టి, కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించాడు. బూడిదరంగు గడ్డం, మసి పట్టిన కనురెప్పలు. సదయ్య ఫోను సంగతి అడిగాడు. జలాలుద్దీన్ ఈసారి లేదనలేదు.

"తీసిండు సదన్నా. నేను సూసిన."

ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. సదయ్యది జబ్బు కాదు నటన అంటూ పోయిన నెల ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది. అందులో సదయ్య తింటున్న ఫోటో అంటించారు. తనను పిలిచి అడిగితే, దుంగల పేరు చెప్పి సదయ్య దారికి అడ్డం నిలబడ్డప్పుడు కళ్ళారా చూసినవాణ్ణని, అది నటన కాదని చెప్పి వచ్చాడు.

"మరి నేనడిగితే లేదంటివి గదా భాయ్."

"నీ మనసు ఖరాబైతదని."

"గట్ల ఎన్నిసార్లన్నవ్?"

జలాలుద్దీన్ గట్టు మీది బొగ్గుపొడిని వేలితో గీశాడు. "యాదికి లేదు. గని కింద దుంగలు మాత్రం ఎవ్వలు కదపలే. గది నీ బీమారే. గోలీలు ఇడువకు."

రేపటినుంచి తనకు శ్రీరాంపూర్‌లో డ్యూటీ అని, బదిలీ కాగితం పొద్దున్నే వచ్చిందని కూడా చెప్పాడు.

"ఇగ నేనెవలనడగాలె?"

"అక్కనడుగు."

అనసూర్య కూడా లేదనే అంటుందని ఇద్దరికీ తెలుసు. జలాలుద్దీన్ బండి స్టార్టు చేసి గేటు దాటాడు.

సదయ్య స్టూలు మీద కూర్చున్నాడు. తన చెవి మంచిదే. బండ కంగుమన్నట్టే ఉంది. మాత్రలు పనిచేస్తున్నాయి, పారెయ్యనక్కర లేదు. అంతలోనే రెండేళ్ళ 'లేదు'లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అందులో ఏది నిజంగా లేదు? ఏది తన మనసు కోసం లేదు? దుంగలను ఎవ్వరూ కదపలేదన్నది ఈ రెంటిలో ఏ లేదు? అన్నింటినీ మళ్ళీ కొట్టి చూసుకోవాలి, ఒక్కడే. జేబు తడుముకున్నాడు. అట్టలు ఉన్నాయి. వాటిని అక్కడే ఉండనిచ్చాడు.

రెండో షిఫ్టు మనిషికి తాళాలు అప్పగించి లేస్తుంటే చూశాడు. కిటికీ గట్టు చివర జలాలుద్దీన్ టోపీ ఉండిపోయింది. అతనిది చిన్న తల. జారకుండా టోపీ లోపల మడిచి పెట్టుకున్న గళ్ళగుడ్డ, నూనెకు నల్లబడి, చెమటతో ఇంకా కొంచెం తడిగానే ఉంది.