రొట్టెల బట్టీ

దశరథం గుమాస్తా ఇంట్లో బట్టీ పెట్టారని సరోజనకు సక్కుబాయి చెప్పిందట. సక్కుబాయి మాత్రం కళ్లారా చూసిందా అంటే లేదు. హమాలీలు దాన్ని మోసుకుపోతుంటే చూసినవాళ్లను ఆమె చూసింది. సరోజనకు అదే చాలు. గోడ మీదుగా పక్కింటి సారక్కను పిలిచి చెప్పింది.

"కాయితాలు రాసుకునే మనిషి గింత పనికి దిగుతడనుకున్ననా అక్కా! ఇనుప బట్టీనట. గుడుంబ కాస్తె పొగ సుత బైటికి రాదట."

హమాలీలు చెప్పింది రొట్టెల బట్టీ అని. బెల్లంపల్లి బొగ్గుబాయి దొర ఊరు విడిచిపోతూ బంగళా సామాను వేలం వేస్తే, రొట్టెలు కాల్చే ఆ ఇనుప పెట్టెను దశరథం కొన్నాడు. కొత్త మేనేజరు భార్యను ఇంటికి పిలిచి మెత్తటి రొట్టె తినిపిస్తే తన ప్రమోషన్ కాయితం కదులుతుందని ఆయన ఆశ. హమాలీల మాట నాలుగు గడపలు దాటేసరికి రొట్టెలు రాలిపోయి బట్టీ ఒక్కటే మిగిలింది. మా దిక్కు బట్టీ అంటే సారా కాచేదే. క్వార్టర్లో సారా కాస్తూ దొరికితే నౌకరీ, క్వార్టరు రెండూ ఒకేసారి ఊడతాయి.

ఈ సంగతేదీ తెలియని దశరథం భార్య నర్మద పెరట్లో పెట్టె తలుపు తెరిచి ముక్కు మూసుకుంది. దొర తిన్న తిండంతా లోపల తారులా పేరుకుపోయి ఉంది.

"తేజాబు తెస్త, యాసిడ్ పోసి కడుగు" అన్నాడు దశరథం.

"తేజాబు పోసి కడిగినంక అండ్ల కాల్చిన రొట్టె మీరు తింటరా? నోట్లె వెట్టుకునేటియే రాయాలె" అంది నర్మద.

నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దింది. జిడ్డు కదల్లేదు. చింతపండు గుజ్జు పూసి ఎండబెట్టింది. జిడ్డుకు నిగనిగ వచ్చింది తప్ప ఊడలేదు. చివరికి బియ్యం కడిగిన నీళ్లు గోలెంలో పోసి, గుడ్డ కట్టి పులియబెట్టింది. వంటసోడా ముద్ద పెట్టె లోపల పట్టించి, దాని మీద ఆ పుల్లటి కలి చల్లింది. బుసబుసమని నురగ పొంగి జిడ్డు పెచ్చులు పెచ్చులుగా లేచింది. నర్మద ముఖం వెలిగిపోయింది.

కలి వాసన గోడ దాటింది. సారక్క గోడ మీదుగా తొంగి చూసి, "పొంగు గూడ వచ్చింది, నా కండ్లతోని చూసిన" అని గల్లీలో చాటింది.

సాయంత్రం సారక్క పెనిమిటి మొండయ్య భుజాన తువ్వాల, తువ్వాల కింద ఖాళీ సీసాతో వచ్చాడు.

"చెల్లె, మంచిగయిందటగా?"

"ఇంక కాలే అన్నా. రేపటికి తళతళ మెరుస్తది."

"గంత తేటనా! నాకు జరంత పొయ్యవా?"

"నీకెందుకన్నా? ఇనుమునే గీకుతది గిది."

"గంత గట్టిదా!" మొండయ్యకు నోరూరింది.

పాపం, వాళ్లింట్లోనూ ఏదో తోమేది ఉందేమోనని నర్మద సీసా నిండా కలి పోసిచ్చింది. మొండయ్య గల్లీ మలుపు తిరిగాక ఆగలేక ఒక్క గుక్కలో సగం తాగాడు. తాగింది తాగినట్టే బయటికొచ్చింది. అసలు సరుకు ఆఫీసర్లకు దాచి తనకు కుడితి పోశారని ఆయనకు గట్టిగా తోచింది.

మర్నాడు సారా పట్టుకునే ఆబ్కారీ జమేదారు ఎల్లేశం దిగాడు. వెనకే గల్లీ అంతా దిగింది. ఎల్లేశం గోలెంలో వేలు ముంచి నాకి, ముఖం చిట్లించుకున్నాడు.

"సారా కాదు గిది."

"ఇంక కాలే గావచ్చు" అంది సక్కుబాయి వెనక నుంచి.

ఎల్లేశం పెట్టె తలుపు తెరిచాడు. లోపల తన ముఖమే కనబడింది. "గింత తళతళ తోమిండ్రంటే సాక్ష్యం, సబూతు అంతా మాయం చేసినట్టే. కేసు రాయాలె" అన్నాడు.

దశరథం ముందుకొచ్చాడు. "నీ పుణ్యముంటది జమేదార్ సాబ్, రొట్టెలదే గది. కేసయితె మేం రోడ్డు మీద పడ్తం" అని చేతులు పట్టుకున్నాడు.

నర్మద బొగ్గులు రాజేసి, పిండి పిసికి రొట్టెలు లోపల పెట్టింది. గల్లీ అంతా ఎండలో నిలబడి కాచుకుంది. రొట్టెలు ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా, చింతపండు వాసనతో బయటికొచ్చాయి. ఎల్లేశం ఒక ముక్క విరిచి చాలాసేపు నమిలాడు.

"సారా కాసెటోళ్లయితే గింత పాడు తిండి వెట్టరు" అని, కేసు రాయకుండానే పోయాడు.

"నర్మద గసొంటిది కాదని నేను మొదటి సంది అంటనే ఉన్న" అంది సారక్క.

"మరి ఆబ్కారోళ్లకు ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు దశరథం.

మొండయ్య తువ్వాల సర్దుకుంటుండగా, "పిల్లలున్న గల్లీ గదా అన్నా, ఎవలో మంచికే చెప్పి ఉంటరు తియ్యి" అంది సరోజన.

పెట్టె తుడుస్తున్న నర్మద తల ఎత్తలేదు.

"మంచికి గాదు. నేను నిజంగ కాసి మీ సీసలు నింపితే, మీల ఒక్కలన్న నోరు దెరుద్దురా?"